లక్షణాలు లేని పెళ్లికొడుకు

మద్దాల భూషణంగారికి అరవై దాటాక రెండు ముహూర్తాలు వెంటవెంటనే వచ్చాయి. ఒకటి హెర్నియా ఆపరేషనుకి, రెండోది పెళ్లికి. ఆపరేషను ముందు పెట్టుకోమన్నది పెళ్లికూతురే. తన ఇంట్లో పుస్తకాల బీరువాలు రెండున్నాయని, వాటిని ఆయన ఇంటికి చేర్చేటప్పుడు మోసేవాళ్లతో పాటు ఆయనా ఓ చెయ్యి వెయ్యక తప్పదని, ఆ మరమ్మతేదో ముందే చేయించుకు రమ్మనీ ఆవిడ చెప్పింది.

భూషణంగారు గూడ్సుబండి గార్డుగా రిటైరైనవారు. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలో ఒక్కరే కూచుని, ముందు ఏం జరుగుతోందో తెలియకుండా, ఏ ఊరూ కాని చోట గంటల తరబడి ఆగిపోయి ఉండటం ఆయనకి అలవాటు. భార్య పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. పెళ్లికూతురు కాత్యాయనిగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేశారు. ఆవిడకీ భర్త పోయి చాలా కాలమైంది. ఇద్దరికీ పరిచయమైంది బ్యాంకులో. పెన్షను తీసుకునేవాళ్లు ఏడాదికోసారి తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి కదా, ఆ రోజు వేలిముద్రల యంత్రం వీళ్లిద్దరి వేళ్లనీ గుర్తుపట్టనంది. యంత్రం లెక్కలో ఇద్దరూ లేనట్టే. మెకానిక్కు వచ్చి ఇద్దర్నీ బతికించేదాకా ఒకే బెంచీ మీద కూచున్నారు. బతికి బయటపడ్డాక ఎదురు హోటల్లో కాఫీ తాగారు. ఆ తరవాత ఇంకొన్ని కాఫీలయ్యాక రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి నోటీసు ఇచ్చారు. ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. కాత్యాయనిగారు ఉద్యోగమంతా ఒకరి గురించి ఒకరు అనుకునే మాటలు చెవిలో పెట్టుకుని బతికిన మనిషి. పట్టించుకోలేదు.

ఆపరేషను జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో అయింది. చక్కగా అయింది. కుట్లు మానాయి. ఇంటికి పంపుతామన్న రోజున భూషణంగారు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీ సర్దుకుని మంచం మీద కూచున్నారు. కింద కాత్యాయనిగారు ఆటో మాట్లాడి నిలబెట్టారు. అప్పుడు నర్సమ్మ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ తెచ్చి చేతిలో పెట్టి, అందులో మలం పట్టుకు రమ్మంది. పొద్దుటినుంచి కొత్త రూలు వచ్చిందిట.

ఆ రూలు తెచ్చినవారు సూపరింటెండెంటు డాక్టర్ త్రివిక్రమరావుగారు. ఆయన అంతకు కొద్దిరోజుల ముందే పెద్ద నగరంలో ఒక మహాసభకి వెళ్లొచ్చారు. అక్కడొక విదేశీ నిపుణుడు బొమ్మలు చూపించి మాట్లాడాడు. పేగుల్లో చేరి ప్రాణాంతకమైన విరేచనాలు పట్టించే ఒక సూక్ష్మజీవి ఉందని, దాని పేరు చెప్పడం పూర్తయ్యేలోపు ఊపిరి తీసుకోవాల్సి వస్తుందని, అది కొంతమంది పేగుల్లో ఏ హానీ చెయ్యకుండా కాపురముంటుందని, వాళ్లకి జబ్బుండదని, కానీ వాళ్లనుంచి ఇతరులకి అంటవచ్చనీ చెప్పాడు. వయసు మీరినవాళ్లకీ, యాంటీబయాటిక్కులు ఎక్కువ మింగినవాళ్లకీ, గ్యాసు మాత్రలు వాడేవాళ్లకీ, ఆసుపత్రిలో ఎక్కువ రోజులున్నవాళ్లకీ అది చేరే ప్రమాదం ఎక్కువన్నాడు. త్రివిక్రమరావుగారికి ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నేళ్లుగా తాము జబ్బున్నవాళ్ల వెంట పడుతూ, అసలు ప్రమాదాన్ని బాగున్నావు పొమ్మని గేటుదాకా సాగనంపుతున్నామని ఆయనకి తెలిసొచ్చింది.

తిరిగొచ్చిన మర్నాడే లక్షణరహిత వాహక నియంత్రణ సంఘం ఏర్పడింది. అందులో ఎముకల డాక్టరూ, కళ్ల డాక్టరూ, మత్తు డాక్టరూ, భవనాల ఇంజనీరూ సభ్యులు. సూక్ష్మజీవుల సంగతి చదువుకున్న డాక్టర్ షంషాద్ అనే ఆవిడ కూడా ఆ ఆసుపత్రిలో ఉంది. అందరికన్నా చిన్నది కాబట్టి ఆవిడకి సభ చర్చలు రాసుకునే పని, టీలు తెప్పించే పని అప్పగించారు.

భూషణంగారి డబ్బీ తీసుకెళ్లి అక్కడికక్కడే పరీక్ష చేశారు. సూక్ష్మజీవి ఉంది. త్రివిక్రమరావుగారు పరివారంతో స్వయంగా మంచం దగ్గరికి వచ్చారు. విరేచనాలవుతున్నాయా అని అడిగారు. లేవన్నారు భూషణంగారు. కడుపునొప్పి? లేదు. జ్వరం? లేదు. ఆకలి ఎలా ఉంది? దివ్యంగా ఉంది. ఒక్కో జవాబుకీ సూపరింటెండెంటుగారి మొహం మరింత గంభీరంగా మారింది.

"చూశారా, ఒక్క లక్షణం కూడా లేదు. ఇంత స్పష్టమైన కేసు మనకి మళ్లీ దొరకదు," అన్నారాయన పక్కవాళ్లతో.

ఇంటికెప్పుడు వెళ్లొచ్చునని భూషణంగారు అడిగారు. కింద ఆటో ఆగి ఉందని కూడా చెప్పారు.

"మీకు జబ్బుంటే తగ్గగానే పంపేవాళ్లం. జబ్బు లేదు కనక తగ్గే అవకాశం లేదు. మీరు సహకరించాలి," అన్నారు త్రివిక్రమరావుగారు చాలా మర్యాదగా.

ఆటో వెళ్లిపోయింది. భూషణంగారి సంచీ మూడో అంతస్తుకి వెళ్లింది. అక్కడ విరిగిన మంచాలు పడేసే పెద్ద గది ఒకటుండేది. దాన్ని కడిగి, సున్నం కొట్టి, ఆరోగ్య వాహకుల ప్రత్యేక విభాగం అని బోర్డు పెట్టారు. ఆసుపత్రిలో అందరూ దాన్ని బాగున్నోళ్ల వార్డు అనేవారు. కింది అంతస్తుల్లో జ్వరాలవాళ్లు మంచానికిద్దరు చొప్పున, ఒకరి కాళ్ల దగ్గర ఇంకొకరు తలపెట్టుకుని మూలుగుతుంటే, పైన మాత్రం మనిషికో మంచం, మంచానికో ఫ్యాను. నర్సమ్మలు ముసుగులు, గౌన్లు తొడుక్కుని పూటపూటా వచ్చి, ఏమైనా విరేచనం అయిందాండీ అని ఆశగా అడిగేవారు. లేదంటే ఉసూరుమంటూ వెళ్లిపోయేవారు.

ఆ వార్డులో భూషణంగారి పక్క మంచం గవర్రాజుది. విత్తనాల కొట్టు నడిపే మనిషి. మోటార్‌సైకిల్ మీంచి పడి చెయ్యి విరిగితే వచ్చాడు. చెయ్యి ఎప్పుడో అతుక్కుంది. నాట్ల రోజులు ముంచుకొస్తున్నాయని, కొట్టు తాళం తీసేవాడు లేడనీ అతని బాధ. మిగతావాళ్లూ అలాంటివాళ్లే. అందరూ పేకాడేవారు, పాటలు పాడేవారు, బస్కీలు తీసేవారు. బస్కీలు తియ్యడం అనుమానాన్ని పెంచుతుందని సంఘం ఆక్షేపించాక అవి మానేశారు.

వార్డుకున్న ఒకే ఒక్క మరుగుదొడ్డిలో కుళాయి రాదు. సబ్బు లేదు. దానికి బదులు తలుపు పక్కన చేతులు శుద్ధిచేసే మందు చిలకరించే యంత్రాలు వరసగా బిగించారు. చెయ్యి కింద పెడితే చిలకరిస్తాయి. పిల్లి తోకెత్తుకుని వెళ్లినా చిలకరిస్తాయి. ఈ సూక్ష్మజీవి ఆ మందుకి చావదని, సబ్బు రుద్ది పారే నీళ్లలో కడుక్కుంటేనే వదులుతుందని, ముందు కుళాయి బాగుచేయించమనీ డాక్టర్ షంషాద్ సంఘంలో చెప్పింది. సభ్యురాలి అభిప్రాయాన్ని సభ హర్షించినట్టు రాసుకోమన్నారు. ఆవిడే రాసుకుంది. తరవాత మరో యంత్రానికి ఆర్డరు పెట్టారు.

ఎవర్ని ఉంచాలో, ఎవర్ని పంపాలో తేల్చడానికి సంఘం మార్కుల పద్ధతి పెట్టింది. వయసుకిన్ని, యాంటీబయాటిక్కుకిన్ని, గ్యాసు మాత్రకిన్ని, ఆసుపత్రిలో ఉన్న ప్రతి వారానికీ ఇన్ని. ఎవరికి మార్కులు ఎక్కువైతే వాళ్లు ఉండిపోవాలి. మంచం మీద మనిషున్నాక ఏదో ఒక మందు వెయ్యకపోతే తనిఖీలో బాగుండదని డ్యూటీ డాక్టర్లు అందరికీ ఒక యాంటీబయాటిక్కూ, అది కడుపులో మండకుండా ఒక గ్యాసు మాత్రా రాసేవారు. షంషాద్ పొద్దున్నే వచ్చి వాటిని కొట్టేసేది. మధ్యాహ్నం డ్యూటీవాళ్లు మళ్లీ రాసేవారు. ఏదేమైనా వారం తిరిగేసరికి అందరి మార్కులూ పెరిగేవి. ఉన్నకొద్దీ ఉండాల్సిన అవసరం పెరుగుతోందన్నమాట.

భూషణంగారు గార్డుగా బతికినవారు కాబట్టి కొన్నాళ్లు ఓపిక పట్టారు. ఎంతసేపటికీ సిగ్నలు పడకపోయేసరికి ఒకరోజు సూపరింటెండెంటుగారు రౌండుకి వచ్చినప్పుడు అడిగారు.

"ఇక్కడ ఎక్కువ రోజులుంటే ప్రమాదం పెరుగుతుందని తమరే అంటున్నారు కదండీ. మరి పంపించేస్తే తగ్గుతుంది కదా?"

త్రివిక్రమరావుగారు ఆ ప్రశ్నకి సంతోషించారు. రోగుల్లో ఇంత శాస్త్రీయ దృష్టి అరుదన్నారు.

"తగ్గుతుంది. కానీ ఎక్కడ తగ్గుతుంది? మీ ఇంట్లో తగ్గుతుంది. అది మా పరిధిలోకి రాదు. మా పరిధిలో పెరిగినంత మేరకే మేం చర్య తీసుకోగలం."

గవర్రాజు మాటలతో కాలయాపన చేసే మనిషి కాదు. జబ్బుంటేనే తగ్గుతుంది, తగ్గితేనే పంపుతారు, కాబట్టి జబ్బు తెచ్చుకోవాలని తేల్చుకున్నాడు. చుట్టాల చేత పొట్లాలకి పొట్లాలు మిరపకాయ బజ్జీలు తెప్పించి, తాడుతో కిటికీలోంచి పైకి లాక్కుని, ఒక్క ఊపున తిన్నాడు. మర్నాటికి ఫలితం దక్కింది. నర్సమ్మ ఆనందం పట్టలేక మెట్లు దిగి పరుగెత్తింది. గవర్రాజుని పూలదండ ఒక్కటే తక్కువగా కింది వార్డుకి తీసుకెళ్లారు. సెలైన్లు ఎక్కించారు, మందులిచ్చారు. అతను చిక్కి సగమై, పూర్తిగా కోలుకున్నాడు. కోలుకోగానే లక్షణాలు లేవు కాబట్టి బాగున్నోళ్ల వార్డుకి తీసుకొచ్చి పాత మంచం మీదే పడుకోబెట్టారు. మిగిలినవాళ్లు ఆ దారి మానుకున్నారు.

కాత్యాయనిగారు రోజూ వచ్చేవారు. లోపలికి రానివ్వరు. వరండాలో అద్దాల కిటికీ అవతల నిలబడి సెల్‌ఫోన్లో మాట్లాడేవారు. రిజిస్ట్రారు ఇచ్చిన పెళ్లి తేదీ ఒకటి అలాగే దాటిపోయింది. ఆవిడ వెళ్లి ఇంకో తేదీ తీసుకుంది. అదీ దాటింది. నోటీసు గడువు దగ్గరపడుతోందని, అది కాస్తా దాటితే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలని ఆఫీసులో చెప్పారు. ఈలోగా ఊళ్లో భూషణంగారి కడుపులో ఏదో పాకుతోందని ఒకరు, పాముపిల్లని మరొకరు చెప్పుకున్నారు. ఆయన అద్దెకుంటున్న ఇంటివాళ్లు గది తలుపుల మీద పసుపునీళ్లు చల్లి, ఖాళీ చేస్తే బాగుంటుందని కబురంపారు.

ఆ కబురు వచ్చిన రోజు భూషణంగారు కిటికీ దగ్గరికి వచ్చి ఫోను చెవిదగ్గర పెట్టుకున్నారు. అద్దం వైపు చూడకుండా అన్నారు.

"మీరు ఇంకోసారి ఆలోచించుకోండి కాత్యాయనిగారూ. నేనేం అనుకోను. నా కడుపులో ఏదో ఉందని అందరికీ తెలిసిపోయింది."

"నా కడుపులో ఏముందో ఎవరికి తెలుసు? నన్నెవరూ పరీక్ష చెయ్యలేదుగా," అందావిడ. ఆ మాట అన్నాక తనే కాసేపు ఆలోచనలో పడి, ఫోను సంచీలో వేసుకుని చరచరా లాబొరేటరీకి వెళ్లింది.

తనకీ అది ఉంటే తననీ ఆ వార్డులోనే చేర్చుకోవాలి కదా అని ఆవిడ ఆశ. తనంతట తాను పరీక్షకి వచ్చిన మొదటి పౌరురాలని సూపరింటెండెంటుగారు ఆవిడతో చెయ్యి కలపబోయి, నియమం గుర్తొచ్చి నమస్కారం పెట్టారు. మర్నాడు ఫలితం వచ్చింది. ఏమీ లేదు. ఆ జిల్లాలో పరీక్ష బాగా వచ్చినందుకు కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి ఆవిడొక్కతే. కళ్లు తుడుచుకున్నాక త్రివిక్రమరావుగారి గదిలోకి వెళ్లి, కోపం ఎక్కడా కనిపించకుండా ఒక్కటే అడిగింది. ఇంత ముఖ్యమైన పరీక్ష సంఘంలోని పెద్దలందరూ చేయించుకునే ఉంటారు కదా అని.

త్రివిక్రమరావుగారు ఇంకెలాంటివారైనా, వెనకడుగు వేసే మనిషి మాత్రం కాదు. శాస్త్రానికి చిన్నాపెద్దా లేదన్నారు. ఆ వారమే సిబ్బందందరికీ డబ్బీలు పంచారు. ఫలితాలు వచ్చాయి. సగానికి పైగా వాహకులే. మార్కుల్లో అందరికన్నా పైన సూపరింటెండెంటుగారున్నారు. ఆసుపత్రిలో గడిపిన కాలానికి వారానికిన్ని చొప్పున లెక్కేస్తే, ఆయన సర్వీసంతా కలిపి వేరే కాగితం అతికించాల్సి వచ్చింది. ప్రమోషను వచ్చిన నాటినుంచి ఆయన గ్యాసు మాత్రలు వాడుతున్నారు. ముక్కు కారితే యాంటీబయాటిక్కు ఆయనే రాసుకుంటారు. ఎంతటివారికైనా మినహాయింపు లేదన్న వాక్యం రూల్లో చేర్పించింది కూడా ఆయనే. అప్పుడు సభ చప్పట్లు కొట్టింది. ఇప్పుడు ఆ సభే, ఒక్క షంషాద్ తప్ప, పెట్టెలు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కింది. షంషాద్ ఎప్పుడూ సంచీలో సొంత సబ్బుబిళ్ల పెట్టుకు తిరిగేది. ఆవిడకి పరీక్షలో ఏమీ రాలేదు.

త్రివిక్రమరావుగారికి భూషణంగారి ఎదురు మంచం ఇచ్చారు. మొదటి పొద్దునే మరుగుదొడ్డికి వెళ్లి, కుళాయి తిప్పి, చాలాసేపటికి బయటికి వచ్చారు. నీళ్లెందుకు రావడంలేదని మూలమంచం మీదున్న ఇంజనీరుగారిని అడిగారు. మరమ్మతు కాగితం తమరి సంతకం కోసం కిందే తమరి బల్లమీద చాలాకాలంగా ఉందని ఇంజనీరుగారు వినయంగా చెప్పారు. తెప్పించమన్నారు. వాహకులు కాగితాలు ముట్టుకోకూడదని రూలుందని గుర్తుచేశారు. రూలు మారుద్దామన్నారు. మార్చాలంటే కనీసం ఐదుగురు సభ్యులు సంతకాలు పెట్టాలి. సంతకం పెట్టగల సభ్యురాలు ఒక్కతే ఉంది. దాంతో ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయారు. భూషణంగారికి జాలేసి పేకలో ఒక చెయ్యి వెయ్యమని పిలిచారు. ఆయనకి ఆట రాదు. నేర్పారు. నేర్చుకున్నాక గెలవడం కూడా మొదలుపెట్టారు.

డాక్టర్లు, నర్సులు పైన ఉండిపోయేసరికి కింద చూసేవాళ్లు లేకపోయారు. రోగులు కొందరు వేరే ఊళ్లకి వెళ్లారు. చాలామంది ఇళ్లకి వెళ్లి వాళ్లంతట వాళ్లే కోలుకున్నారు. ఆసుపత్రి ఖాళీ అయింది. ఆ నెల విరేచనాల కేసులు సున్నా అని రాజధానికి లెక్క వెళ్లింది. రాష్ట్రంలో ఇంకెక్కడా సున్నా లేదు. ఆరోగ్యశాఖ డైరెక్టరుగారు పొంగిపోయి శాలువా తీసుకుని స్వయంగా బయల్దేరారు.

డైరెక్టరుగారు ఆ పదవిలోకి వచ్చాక ఒక్క ఆసుపత్రిలోనూ కాలుపెట్టలేదు. అందుచేత సంఘం లెక్క ప్రకారం మార్కులేవీ లేని పరిశుద్ధమైన మనిషి ఆ శాఖలో ఆయనొక్కరే. ఆ రికార్డు చెడగొట్టడం ఇష్టంలేక గేటు బయటే కారు దిగి మైకు అందుకున్నారు. వాహకులంతా మూడో అంతస్తు కిటికీల్లోంచి వింటున్నారు.

"ప్రజారోగ్య పరిరక్షణ నిమిత్తం, తమ స్వకీయ సౌఖ్యమును పణంగా పెట్టి, ఏ జబ్బూ లేకుండా ఇన్ని వారాలుగా మంచం పట్టిన మిమ్మల్ని చూసి యావత్ శాఖ గర్విస్తున్నది," అన్నారాయన. తరవాత, గేటు బయటికి వచ్చి నిలబడ్డ షంషాద్ వైపు తిరిగి, ఈ ప్రమాదానికి అన్నిటికన్నా పెద్ద కారణమేమిటో ఒక్కమాటలో చెప్పమన్నారు.

"ఆసుపత్రేనండి," అంది షంషాద్.

ఇక్కడ ఊరికే ఉంచిన కొద్దీ ముప్పు పెరుగుతుందని, బాగున్నవాళ్లని ఇంటికి పంపమనీ ఆవిడ చెప్పబోయింది. డైరెక్టరుగారు చెయ్యెత్తి ఆపి, కళ్లు మూసుకుని ఆలోచించి, అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పారు. ఆసుపత్రి ప్రమాదకరమని తేలినందువల్ల, ఆసుపత్రినుంచి మనుషులను తక్షణం వేరుచెయ్యాలి. ఆసుపత్రి కోలుకునేవరకు వాహకులందరినీ ఆసుపత్రి కాని వేరొక ప్రభుత్వామోదిత ఆవరణలో ఉంచాలి. శాలువా ఎవరికి కప్పాలో తెలియక గేటుకే కప్పించి వెళ్లిపోయారు.

ఆసుపత్రికి ఎదురుగా, రోడ్డుకి అవతల కల్యాణమండపం ఉంది. మూఢం నడుస్తోంది కాబట్టి పెళ్లిళ్లు లేక ఖాళీగా ఉంది. దాన్ని అద్దెకి తీసుకున్నారు. రోడ్డు దాటడానికి నాలుగడుగులు చాలు. అయినా వాహకులు నడవకూడదు కనక అంబులెన్సుల్లో ఎక్కించారు. ఆ రోడ్డు ఒకవైపే వెళ్లేది కావడంతో ఊరంతా చుట్టొచ్చి దింపారు.

మండపం మేనేజరుకి పెళ్లివారు తప్ప వేరే జాతి మనుషులుంటారని తెలియదు. సంచులు, పెట్టెలతో జట్లు జట్లుగా దిగుతున్నవాళ్లని చూసి, మూఢంలో కూడా పెళ్లి పెట్టుకున్నారంటే ఎంత తొందరో అనుకుని గుమ్మంలో నిలబడి పన్నీరు చిలకరించాడు. మగపెళ్లివారా, ఆడపెళ్లివారా అని త్రివిక్రమరావుగారిని అడిగాడు. మేం వాహకులం అన్నారాయన. అది ఇంటిపేరనుకుని మేనేజరు గేటు మీద పూలతో 'వాహకుల వారి వివాహం' అని రాయించాడు.

ఆ పూట అరిటాకుల్లో భోజనం పెట్టారు. పప్పు, వంకాయ కూర, గుమ్మడికాయ పులుసు, బూరెలు. అన్ని వారాలు రొట్టె, జావ తిన్నవాళ్లు మాటామంతీ లేకుండా తిన్నారు. భోజనాల గది బయట పొడుగ్గా కుళాయిల వరస ఉంది. ప్రతి కుళాయిలోనూ నీళ్లొస్తున్నాయి. ప్రతి కుళాయి పక్కనా సబ్బుంది. ఎవరూ చెప్పకుండానే అందరూ వరసగా నిలబడి మోచేతులదాకా చేతులు కడుక్కుంటుంటే డాక్టర్ షంషాద్ స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. అన్నం తినమని ఎవరో పిలిస్తే, వస్తున్నానంది కానీ కదల్లేదు.

మర్నాడు కాత్యాయనిగారు వచ్చారు. అద్దం లేదు, ఆపేవాళ్లు లేరు. మేనేజరు ఆవిడ మీదా పన్నీరు చల్లి, ఏ తరఫువారని అడిగాడు.

"పెళ్లికూతుర్ని," అంది కాత్యాయనిగారు.

మేనేజరు ఆవిడ తలలో ఒకటీ అరా నెరవని వెంట్రుకల్ని చూసి, పక్కకి జరిగి దారిచ్చాడు. ఆవిడ వెనకాలే రిజిస్ట్రారుగారు లావుపాటి పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చారు. నోటీసుకి ఇంకా గడువుంది, కొంచెమే ఉంది. అదనపు రుసుము కడితే రిజిస్ట్రారు ఆఫీసు బయటికి వచ్చి కూడా పెళ్లి జరిపించవచ్చు. ఆసుపత్రికి రమ్మంటే ఆయన ససేమిరా అన్నారు. కల్యాణమండపానికైతే ఆయనకేం అభ్యంతరం లేదు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అద్దం అడ్డంలేకుండా ఒకరినొకరు చూసుకుని చాలా రోజులైంది. తన చొక్కా నలిగి ఉందన్నారు భూషణంగారు. పర్వాలేదందావిడ. ప్రమాణం చదివారు. సాక్షులు ముగ్గురు కావాలి. గవర్రాజు సంతకం పెట్టాడు. షంషాద్ పెట్టింది. మూడో సంతకానికి భూషణంగారు త్రివిక్రమరావుగారి వైపు చూశారు.

త్రివిక్రమరావుగారు కలం దాకా చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నారు. వాహకుడు కాగితం ముట్టుకోకూడదు. ఆ రూలు రాయించిన మనిషి తనే. రిజిస్ట్రారుగారు గడియారం చూసుకుంటున్నారు. సూపరింటెండెంటుగారు షంషాద్‌ని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"డాక్టరమ్మా, ఆ రోజు మహాసభలో ఆ విదేశీ నిపుణుడు ప్రమాదాలన్నీ చెప్పేసరికి భోజనాలకి పిలిచారు. నేను లేచిపోయాను. ఆ తరవాత ఇంకేమైనా చెప్పి ఉంటాడంటావా?"

"చెప్పే ఉంటారండి. చేతులు సబ్బుతో కడుక్కోమని, అక్కర్లేని మందులు మానమని, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంచమని, ఒంట్లో బాగున్నవాళ్లని ఇంటికి పంపమని."

"అంతేనా?"

"అంతేనండి."

త్రివిక్రమరావుగారు కుళాయిల దగ్గరికి వెళ్లారు. సబ్బు రుద్ది, వేళ్ల సందులు, గోళ్లు, మణికట్లు కడుక్కున్నారు. తుండుగుడ్డతో తుడుచుకుని వచ్చి, రిజిస్ట్రారుగారి పుస్తకంలో సంతకం పెట్టారు. పెట్టాక ఒక్క క్షణం ఆగి, ఆ కాగితానికి ఏదైనా అవుతుందేమోనన్నట్టు చూశారు. ఏమీ కాలేదు.

కొత్త దంపతులు గేటువైపు నడిచారు. అక్కడున్నది మండపం కాపలావాడు, పిలవకుండా వచ్చేవాళ్లని ఆపుతాడు గాని, పెళ్లినుంచి వెళ్లేవాళ్లని ఎందుకు ఆపుతాడు? లేచి నిలబడి సలాం కొట్టాడు. మేనేజరు వచ్చి చెరో కొబ్బరికాయ, తాంబూలం ఉన్న సంచీ ఇచ్చి, మళ్లీ దయచెయ్యమన్నాడు. వాళ్లు ఆటో ఎక్కి కాత్యాయనిగారింటికి వెళ్లిపోయారు.

అది గవర్రాజు చూశాడు. వెంటనే చొక్కా గుండీలు పెట్టుకుని, గేటుదగ్గర తాంబూలం పుచ్చుకుని, బస్టాండువైపు దారి తీశాడు. అతని వెనక కళ్ల డాక్టరు వెళ్లాడు. ఇంజనీరు వెళ్లాడు. కాసేపటికి గేటుదగ్గర వరస కట్టారు. మేనేజరు కొబ్బరికాయలు చాలక ఇంకో బస్తా తెప్పించాడు. అందరూ వెళ్లాక త్రివిక్రమరావుగారు తన సంచీ తీసుకుని, రోడ్డు దాటి ఆసుపత్రిలోకి వెళ్లి, బల్లమీదున్న కుళాయి కాగితం మీద సంతకం పెట్టారు.

కొన్ని వారాలకి డాక్టర్ షంషాద్ ఇళ్లకి వెళ్లి అందరికీ మళ్లీ పరీక్షలు చేసింది. నూటికి తొంభైమందికి పైగా ఏమీ లేదు. ఆసుపత్రికి దూరంగా ఉన్నారు, అక్కర్లేని మందులు మానారు, సబ్బు వాడారు, పేగులు వాటంతటవే బాగుపడ్డాయి అని వివరంగా రాసి పంపింది. రాజధానిలో నిపుణులు ఆ వివరం పక్కన పెట్టి లెక్కలు మాత్రం తీసుకున్నారు. నయమైనవాళ్లందరిలో ఉన్న ఒకే ఒక్క ఉమ్మడి అంశం కోసం శ్రమపడి గాలించారు. దొరికింది. అందరూ ఒకే పెళ్లిలో ఉన్నారు.

ఆ తరవాత ఒకరోజు పొద్దున కొత్త దంపతుల ఇంట్లో ఫోను మోగింది. డైరెక్టరుగారి ఆఫీసునుంచి మాట్లాడుతున్నామన్నారు. తమ పెళ్లి వైద్యచరిత్రలో ఒక మలుపని, అయితే శాస్త్రంలో ఒక ఫలితం నిలబడాలంటే అదే ప్రయోగం మరోసారి చేసి చూపించాలని, అందుచేత శాఖ ఖర్చుమీద తమరు దయచేసి ఇంకొకసారి పెళ్లి చేసుకోగలరా అని ఎంతో గౌరవంగా అడిగారు.

భూషణంగారు ఒక్క నిమిషం ఆగమన్నారు. వంటింట్లో కాత్యాయనిగారు పెసరట్టు తిరగేస్తోంది. విషయం చెప్పారు. ఆవిడ అట్టు కంచంలో వేసి, అల్లప్పచ్చడి పక్కన పెట్టి, కొంచెం ఆలోచించింది.

"పెళ్లికూతుర్ని నేనే అయితే సరేననండి. కానీ ఈసారి గుమ్మడికాయ పులుసులో ఉప్పు తగ్గించమనండి," అంది.

భూషణంగారు ఆ మాటే చెప్పారు. అవతలి మనిషి, పెళ్లికూతురు మారకుండా ఉండే విషయంలో పైనుంచి అనుమతి తీసుకోవాలని, ఫైలు పెడతామని చెప్పాడు. నిదానంగా పెట్టుకోండి, మాకేం తొందరలేదు అని భూషణంగారు ఫోను పెట్టేసి, అట్టు చల్లారిపోతోందని వెళ్లి కూచున్నారు.